పల్లె చర్చిలో పుట్టిన పాట

క్రిస్మస్ రాత్రి మనము వినుచుండు 'సైలెంట్ నైట్' గీతము, ఆస్ట్రియా దేశమున సాల్జాఖ్ నదీతీరమందలి ఓబెర్న్‌డోర్ఫ్ అను పడవవారి పల్లెలో పుట్టినది. 1818 డిసెంబరు 24వ తేదీ రాత్రి, అచ్చటి సెయింట్ నికొలాస్ చర్చిలో దానిని మొదటిసారి పాడిరి. మాటలు సహాయ పురోహితుడైన జోసెఫ్ మోర్ 1816లో వ్రాసినవి. బాణీ కట్టినవాడు పొరుగూరి బడిపంతులు ఫ్రాంజ్ జేవర్ గ్రూబర్. మోర్ గిటారు వాయించుచు పాడగా గ్రూబర్ గొంతు కలిపెను. గాయకబృందము చివరి పాదములను అందుకొనెను.

ఎలుకలు ఆర్గన్ తిత్తులను కొరికినందున గిటారు పట్టవలసివచ్చెనను కథను మనము వినుచుందుము. గ్రూబర్ 1854లో వ్రాసిన వృత్తాంతమున ఎలుకల ప్రసక్తియే లేదు.

ఆ వృత్తాంతమునకు కారణము వేరు. పాట ఊరూరు తిరిగి తన కర్తల పేర్లను పోగొట్టుకొన్నది. అది మైకేల్ హైడన్ కృతి యేమోయని బెర్లిన్ రాజాస్థాన గాయకబృందమువారు సాల్జ్‌బర్గునకు వ్రాసి విచారించిరి. గ్రూబర్ సమాధాన మిచ్చెను. మోర్ మాత్రము 1848లోనే పేదవాడుగా కన్నుమూసెను. ఆయనను అడుగవలసినవారు ఆరేండ్లు ఆలస్యముగా అడిగిరి.

1995లో మోర్ చేతివ్రాత ప్రతి వెలుగులోనికి వచ్చినది. బాణీ గ్రూబర్‌దని మోర్ అందు స్వయముగా వ్రాసియున్నాడు. మిత్రుని మాటకు మిత్రుని వ్రాతయే సాక్ష్యమైనది.

వరదలకు దెబ్బతిన్న ఆ పాత చర్చిని 20వ శతాబ్ది ఆరంభమున కూల్చివేసిరి. ఆ చోట 1937లో ప్రతిష్ఠింపబడిన చిన్న ప్రార్థనామందిరము కలదు. ఏటేట డిసెంబరు 24న జనులు దానిముందు చలిలో నిలిచి, ఆ పాటనే పాడుచున్నారు.