బడ్కీ పెళ్ళికి వచ్చిన టెలిగ్రాములు

దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’ హిందీ సీరియల్ నడుస్తున్న రోజుల్లో, అందులోని పెద్దమ్మాయి బడ్కీకి అశ్వినీ కుమార్‌తో పెళ్ళి జరిగిన నాడు ఉత్తరాది పట్టణాల్లో బజార్లు పెందలాడే మూతపడ్డాయి. దూరదర్శన్ కార్యాలయానికి శుభాకాంక్షల టెలిగ్రాములు, చేత్తో గీసిన కార్డులు వచ్చిపడ్డాయి. మన టెలివిజన్ చరిత్ర చెప్పేవాళ్ళు ఈ సంగతిని ఒక వింతగా చెప్పి, నవ్వి వదిలేస్తారు. టీవీ కొత్త, జనం అమాయకులు, కథకూ నిజానికీ తేడా తెలియలేదు అని వాళ్ళ తాత్పర్యం. ఆ నవ్వు తొందరపాటు. ఆ సీరియల్‌కు వచ్చిన స్పందనలో కనిపించేది అమాయకత్వం కాదు, ఇంట్లో ఎవరు ఎవరితో ఎలా మెలగాలన్న విషయం మీద మామూలు జనం మొదటిసారి దేశమంతటికీ కలిపి పెట్టుకున్న చర్చ. పాత్రల మధ్య మంచితనాన్ని తూచి చూసే అలవాటు ఈ కాలపు అభిమానులతో పుట్టిందనుకునేవాళ్ళు ఆ సీరియల్‌కు వచ్చిన ఉత్తరాల దగ్గరికి ఒకసారి వెళ్ళిరావాలి.

నిజానికి ఈ సీరియల్ తీయించినవాళ్ళ ఉద్దేశం వేరు. మెక్సికోలో మిగెల్ సబీదో అనే నిర్మాత 1970లలో కుటుంబ నియంత్రణ వంటి విషయాలను సీరియల్ కథల్లో కలిపి చెప్పి పేరు తెచ్చుకున్నాడు. అప్పటి సమాచార, ప్రసార శాఖ మంత్రి వసంత్ సాఠే అక్కడికి వెళ్ళి ఆ పని చూసి ముచ్చటపడ్డారు. 1982 ఆసియా క్రీడల వేళకు రంగుల ప్రసారం వచ్చింది. 1984లో కొన్ని నెలలపాటు రోజుకొకటి చొప్పున ట్రాన్స్‌మిటర్లు లేచాయి. ఆ ఏడాది జులై 7న ‘హమ్ లోగ్’ మొదలైంది. రచన మనోహర్ శ్యామ్ జోషి, దర్శకత్వం పి. కుమార్ వాసుదేవ్. అప్పుడప్పుడే మార్కెట్లోకి వచ్చిన మ్యాగీ నూడుల్స్ ప్రాయోజకులు. తాగుబోతు తండ్రి బసేసర్ రామ్, నోరు విప్పని తల్లి భగవంతి, నానమ్మ, తాతయ్య, ఉద్యోగం దొరకని కొడుకు లల్లూ, క్రికెటర్ కావాలనుకునే నన్హే, ముగ్గురు ఆడపిల్లలు: ఇదీ కుటుంబం. తొలి భాగాల్లో చిన్న కుటుంబం గురించిన పాఠం బెల్లంలో పెట్టిన మాత్రలా కాక మాత్ర మీద చల్లిన బెల్లంలా ఉంది. జనం మొహం తిప్పుకున్నారు. పదమూడు భాగాలు గడిచాక పాఠాన్ని పలచన చేసి, కథను ఇంట్లోని మనుషుల మీదికి మళ్ళించారు. అప్పుడు గానీ దేశం టీవీ ముందు కూర్చోలేదు.

ఇది చిన్న మార్పు కాదు. సర్కారు చెప్పదలచుకున్నది ఎంతమంది పిల్లలు కావాలో. జనానికి పట్టింది ఉన్న పిల్లలతో పెద్దలు ఎలా ఉంటున్నారో. ప్రతి భాగం చివర హిందీ సినిమా నటుడు అశోక్ కుమార్ వచ్చి, జరిగినదాని మీద నాలుగు మాటలు చెప్పి, ఆలోచించమనేవారు. ఆయన ప్రశ్న అడిగితే జనం నిజంగానే జవాబు రాశారు. పదిహేడు నెలల్లో వచ్చిన ఉత్తరాలు సుమారు 4 లక్షలని లెక్క. తమకు నచ్చిన పెళ్ళికి అమ్మానాన్నలను ఒప్పించమని యువతీయువకులు ఆయననే వేడుకున్నారు. అశ్వినిని చేసుకోవాలా వద్దా అని బడ్కీ తటపటాయిస్తుంటే, ఇక ఆలస్యం చేయకమ్మా అని బుద్ధి చెప్పినవాళ్ళున్నారు. ఆ పాత్ర వేసిన సీమా భార్గవకు తమ ఇంటి చిక్కులు చెప్పుకుని సలహా అడిగిన ఆడపిల్లలున్నారు. కథలో నేత్రదానం ప్రస్తావన వస్తే కళ్ళిస్తామని హామీ పత్రాలు రాసినవాళ్ళూ ఉన్నారు. వీటిలో పొగడ్త తక్కువ, తీర్పు ఎక్కువ. నువ్వు ఆమెతో అలా ఉండకూడదు, ఆమె మాట వినాలి, ఆ పిల్లకు అవకాశం ఇవ్వాలి — ఇవన్నీ విమర్శకుడు వేసే ప్రశ్నలే, భాష మాత్రం ఇంటిది.

పాత్రకు ఉత్తరం రాసేవాడికి అది పాత్ర అని తెలియదనే ఆక్షేపణ ఇక్కడే తేలిపోతుంది. అశోక్ కుమార్ ప్రతిసారీ కథ బయట నిలబడి మాట్లాడేవారు. ఇది కథ అని గుర్తుచేయడమే ఆయన పని. అయినా ఉత్తరాలు ఆగలేదు, పెరిగాయి. పైగా మన దగ్గర కథలోని మనిషిని నిలదీయడం కొత్త కాదు. అగ్నిప్రవేశం విషయంలో రాముణ్ణి తప్పుపట్టే ముసలమ్మలు, కర్ణుడికి అన్యాయం జరిగిందని వాదులాడే రచ్చబండలు తరతరాలుగా ఉన్నాయి. వాళ్ళెవరూ రాముడు పక్కవీధిలో ఉన్నాడనుకోలేదు. కథను మధ్యలో పెట్టుకుని తమ సంసారాల గురించి మాట్లాడుకున్నారు. బడ్కీకి టెలిగ్రామ్ పంపిన దుకాణదారుడు చేసిందీ అదే; తపాలా ఖర్చు ఒక్కటే అదనం.

ఇంతకంటే గట్టి ఆక్షేపణ భగవంతి దగ్గర వస్తుంది. ఆమెను ఉద్దేశపూర్వకంగా హెచ్చరికగా తీర్చారు: ఇలా నోరు మూసుకుని బతికితే ఏమవుతుందో చూడండి అని. సీరియల్ ముగిశాక అరవింద్ సింఘల్, ఎవరెట్ రోజర్స్ చేసిన పరిశోధనలో, ఆమె ఓర్పునే ఆదర్శంగా తీసుకున్న ప్రేక్షకులు తక్కువేమీ లేరని తేలింది. అంటే జనం మంచితనం పేరిట బానిసత్వాన్ని మెచ్చుకున్నారా? కొంతవరకు అవును, దాన్ని దాచి లాభం లేదు. ఆడదాని సహనాన్ని దయ అని పిలవడం మన సమాజానికి సుళువైన పని, టీవీ ఆ పనిని ఇంకాస్త సుళువు చేయగలదు. కానీ అదే సీరియల్ చూసి అదే భగవంతి మీద మరికొందరు విసుక్కున్నారు, ఆమె తిరగబడాలని కోరుకున్నారు. ఒకే పాత్ర మీద ఇన్ని రకాల తీర్పులు వచ్చాయంటే, జనం తెర చెప్పింది వల్లెవేయలేదన్నమాట. మెక్సికో పద్ధతి చెప్పినట్టు చెడ్డవాణ్ణి చూపితే చెడు మానేస్తారు, మంచివాణ్ణి చూపితే మంచి నేర్చుకుంటారు అన్న లెక్క ఇక్కడ తప్పింది. నా దృష్టిలో ‘హమ్ లోగ్’ సాధించిన వాటిలో ఇదే పెద్దది, అదీ తీసినవాళ్ళు అనుకోకుండానే.

ఉత్తరాలు రాసింది చదువుకున్నవాళ్ళే కదా, అదీ ఎక్కువగా హిందీ ప్రాంతం వాళ్ళే కదా అంటే ఒప్పుకోవాల్సిందే. మద్రాసు వంటి చోట్ల ఆ సీరియల్ ఉత్తరాదిలో కుదురుకున్నట్టు కుదురుకోలేదు. 1977 నుంచి హైదరాబాద్ కేంద్రం ప్రసారాలున్నా, రాత్రి జాతీయ కార్యక్రమాల్లో తెలుగుకు చోటెక్కడిది? అయితే ఈ చర్చకు తెలుగువాళ్ళు కొత్త కాదు. అంతకు చాలా ముందే వారపత్రికల్లో సీరియల్ నవలలు చదివి, నాయికకు ఎవరు తగినవాడో తేలుస్తూ సంపాదకుడికి రాసేవారు. ‘ఆంధ్రప్రభ’లో మాలతీ చందూర్ ‘ప్రమదావనం’ శీర్షికలో దశాబ్దాలపాటు ఇంటి చిక్కులకు జవాబులిచ్చారు. టీవీ వచ్చాక హైదరాబాద్ దూరదర్శన్ ‘జాబులు–జవాబులు’ కార్యక్రమంలో ప్రేక్షకుల మెప్పులూ దెప్పులూ చదివి వినిపించేవారు. 2001 నుంచి 2007 దాకా నడిచిన ‘అమృతం’ టీవీ సీరియల్‌లో అమృతరావు, ఆంజనేయులు ఎన్నిసార్లు ఒకరినొకరు చిక్కుల్లోకి నెట్టుకున్నా విడిపోకపోవడాన్ని ఇవాళ్టికీ మురిపెంగా చెప్పుకునే అభిమానులది ఆ వరసే.

‘హమ్ లోగ్’ ఉత్తరాల మీద పరిశోధకులు కూర్చున్నారు కాబట్టి ఆ జనం ఏమనుకున్నారో ఇవాళ మాట్లాడుకోగలుగుతున్నాం. తెలుగు కార్యక్రమాలకు రాసిన ఉత్తరాల నకళ్ళు, దూరదర్శన్ కేంద్రం నుంచి వచ్చిన జవాబు కార్డులు, పత్రికల్లో అచ్చయిన లేఖల కత్తిరింపులు మీ ఇంటి అటక మీద ఉంటే పాత కాగితాలవాడికి వేయకండి. దగ్గర్లోని గ్రంథాలయానికో, చరిత్ర చెప్పే అధ్యాపకుడికో చూపించండి.