అసలు మాయాబజారు కోసం

ఈ ప్రత్యేక సంచికకు ఏదైనా చరిత్ర విషయం రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. కోటల గురించి, శాసనాల గురించి సాధికారంగా రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. అందుకని నేను మన ఇళ్ళలోకి నడిచి వచ్చిన సినిమా గురించి రాస్తానన్నాను. అందులోనూ ఒకే ఒక ప్రశ్న తీసుకున్నాను. 1957లో మన పెద్దలు హాల్లో చూసిన 'మాయాబజార్', ఇవాళ మన టీవీలో కనిపిస్తున్న 'మాయాబజార్' ఒకటేనా? ముప్పై మూడేళ్ళు ఖజానా శాఖలో బిల్లును ఓచరుతో సరిచూసిన వాడిని. ఆ అలవాటు రిటైరైనా పోలేదు.

ముందుగా అసలు లెక్క. విజయా ప్రొడక్షన్స్ తరఫున నాగిరెడ్డి, చక్రపాణి గార్లు నిర్మించిన ఈ చిత్రం 1957 మార్చి 27న విడుదలైంది. దర్శకుడు కె.వి. రెడ్డి. మాటలు, పాటలు పింగళి నాగేంద్రరావు. సంగీతం ఘంటసాల, కొన్ని బాణీలు మాత్రం అంతకు ముందే సాలూరి రాజేశ్వరరావు కట్టి ఉంచినవి. కెమెరా మార్కస్ బార్ట్లీ. కళ మాధవపెద్ది గోఖలే, కళాధర్. నిడివి 184 నిమిషాలు, అంటే మూడు గంటల నాలుగు నిమిషాలు. చిత్రం నలుపు తెలుపుల్లో తీసినది. దీనితోపాటే తమిళంలో కూడా తీశారు, అందులో అభిమన్యుడు అక్కినేని కాదు, జెమినీ గణేశన్. ఈ వివరాలు మనలో చాలామందికి కంఠోపాఠమే. అయినా ముందు రాయక తప్పదు, ఎందుకంటే తరువాత వచ్చిన ప్రతి కాపీనీ వీటితోనే సరిచూడాలి.

బార్ట్లీ గారి వెన్నెల గురించి వినని తెలుగువాడు లేడు. పడవ పాటలో నీటి మీద పడే ఆ వెలుగు నిజమైన వెన్నెల కాదనీ, లైట్లతో, కెమెరా పనితనంతో సృష్టించినదనీ అందరికీ తెలుసు. తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న బూడిద ఛాయలన్నిటినీ ఆయన కొలిచి వాడుకున్నారు. అంటే ఆ చిత్రానికి రంగు లేకపోవడం ఒక లోటు కాదు. అది ఆ పనికి ముడిసరుకు. ఈ మాట గుర్తుంచుకుంటే తక్కినదంతా సులభంగా అర్థమవుతుంది.

అయితే హాల్లో చూసినవారంతా చెక్కు చెదరని చిత్రమే చూశారా అంటే అదీ కాదు. నేను చూసింది మళ్ళీ విడుదలైన రోజుల్లో, కృష్ణా జిల్లాలో మా ఊరికి వచ్చిన టూరింగు టాకీసులో, నేల టిక్కెట్టు మీద. అప్పటికి ఆ ప్రింటు ఎన్ని ఊళ్ళు తిరిగి వచ్చిందో! ఫిలిం తెగినప్పుడల్లా ఆపరేటరు అతికించేవాడు. అతికించిన ప్రతిచోటా నాలుగైదు బొమ్మలు కత్తెరకు పోయేవి. పాట మధ్యలో మాట ఎగిరి పడేది. ముఖ్యంగా రీలు మొదట్లో, చివర్లో ఈ గండ్లు ఎక్కువ. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల పైచిలుకు వస్తుంది. కనుక ప్రతి పదకొండు నిమిషాలకూ ఒక గండం ఉన్నట్టే.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, 1980 దశకంలో వీడియో క్యాసెట్లు వచ్చినప్పుడు చాలా వాటిని ఇలా అరిగిన ప్రింట్ల నుంచే తీశారు. 1982 ఏషియాడ్ తరువాత కలర్ టీవీలు వచ్చాయి, ఆ వెనుకే వీసీఆర్‌లు. పెళ్ళిళ్ళకు, పండుగలకు టీవీ, వీసీఆర్ అద్దెకు తెచ్చి, వాకిట్లో మంచాలు వేసి, తెల్లవార్లూ మూడేసి సినిమాలు చూసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. క్యాసెట్టు నుంచి క్యాసెట్టుకు, దాన్నుంచి ఇంకో దానికి ఎక్కించేవారు. ప్రతి ఎక్కింపుకూ బొమ్మ అలుక్కుపోయేది. తెర కింద చీరల దుకాణాల ప్రకటనలు పాకుతూ పోయేవి. అసలు ప్రతి అన్న మాట ఆనాడు ఎవరికీ తోచలేదు. ఇంట్లో సావిత్రి కనిపించడమే మహాభాగ్యం. దానికి ఎవరినీ తప్పు పట్టను.

తరువాత వీసీడీలు. వీటి దగ్గరే నా ఓచరు పని మొదలైంది. ఒక వీసీడీలో పట్టేది 74 నిమిషాలు, మహా అయితే 80. మూడు గంటల సినిమాకు మూడు డిస్కులు కావాలి. రెండే డిస్కుల పెట్టె మీద 'మాయాబజార్' అని రాసి ఉంటే, రెండూ నిండుగా ఉన్నా 160 నిమిషాలే. మిగిలిన ఇరవై నిమిషాల పైచిలుకు ఏ ఘటోత్కచుడు మాయం చేశాడు? పెట్టె తెరవకుండానే తేలిపోయే లెక్క ఇది. సాధారణంగా కత్తెరకు బలయ్యేవి పద్యాలు. పద్యం వచ్చినప్పుడు కథ కదలదని కత్తిరించేవారి అభిప్రాయం కావచ్చు. పద్య నాటకాలు చూసి పెరిగిన మనకు అక్కడే కథ కూర్చుని ఊపిరి పీల్చుకుంటుంది.

2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వారు వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మడం మొదలుపెట్టాక పాత సినిమాలు పెన్షనరు అందుబాటులోకి వచ్చాయి. కాఫీ హోటలు ఖర్చుతో ఒక సినిమా సొంతమయ్యేది. ఒక చిన్న హెచ్చరిక: దుకాణంలో ఉత్త 'మాయాబజార్' అని అడిగితే 2006లో ఇంద్రగంటి మోహనకృష్ణ గారు తీసిన వేరే చిత్రం చేతిలో పెట్టవచ్చు. అది ఈ కాలపు కథ.

డీవీడీ విషయంలో ఒక చిక్కుంది. దీన్ని కొంచెం ఓపికగా చదవండి, ఎందుకంటే చాలామంది దీనివల్ల మంచి ప్రతిని చెడ్డదనుకుని పక్కన పడేస్తారు. సినిమా హాల్లో సెకనుకు 24 బొమ్మలు నడుస్తాయి. మన దేశపు టీవీ పద్ధతి పాల్, అందులో సెకనుకు 25. టీవీకి ఎక్కించేటప్పుడు సినిమాను ఆ ఒక్క బొమ్మ మేరకు వేగంగా నడిపించేస్తారు. కనుక 184 నిమిషాల చిత్రం ఒక్క ముక్క కూడా పోకుండా 177 నిమిషాలలోపే ముగుస్తుంది. ఏడు నిమిషాలు కోసేశారని గొడవ పడనక్కరలేదు. దీనికి ఇంకో ఫలితం కూడా ఉంది. వేగం పెరిగిన మేరకు శ్రుతి కూడా అర్ధస్వరంలో దాదాపు ముప్పాతిక మేర పైకి లేస్తుంది. ఘంటసాల గొంతు ఎందుకో పలచగా ఉందని అనిపిస్తే అది మీ చెవి లోపం కాదు. అమెరికా నుంచి పిల్లలు తెచ్చే డిస్కుల మీద ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే, వాటిలో సాధారణంగా ఈ తొందర ఉండదు, నిడివి 184కు దగ్గరగా ఉండాలి. అందుచేత నిడివి చూసే ముందు పద్ధతి చూడాలి. ఖజానాలో కూడా అంతే, మొత్తం చూసే ముందు పద్దు చూసేవాళ్ళం.

ఇక రంగుల సంగతి. హైదరాబాదుకు చెందిన గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ సంస్థ 2007లో 'మాయాబజార్'తో సహా కొన్ని పాత తెలుగు చిత్రాల హక్కులు తీసుకుని, కంప్యూటర్ల మీద రంగులద్ది, శబ్దాన్ని డీటీఎస్‌కు మార్చి, 2010 జనవరి 30న విడుదల చేసింది. చాలామంది మెచ్చుకున్నారు. హాళ్ళకు కుర్రవాళ్ళు వెళ్ళారు, అది చిన్న విషయం కాదు. నేనూ చూశాను. పని శ్రద్ధగానే చేశారు. కానీ నెగెటివు దెబ్బతిన్న చోట్ల బొమ్మ నాణ్యత కుదరక రెండు పాటలు, పద్యాల్లో చాలాభాగం తీసివేశారు. అంటే రంగు వచ్చింది, సరుకు తగ్గింది. పైగా ఆ వెన్నెల! ఎంత జాగ్రత్తగా అద్దినా, బూడిద ఛాయలతో చెప్పిన మాటను నీలిరంగుతో మళ్ళీ చెప్పడం అనువాదమే అవుతుంది. అనువాదం చదవడంలో తప్పు లేదు. మూలం దొరకకుండా పోతేనే చిక్కు.

మా మనవరాలికి నా దగ్గరున్న నలుపు తెలుపు డీవీడీ వేసి చూపిస్తే, "తాతయ్యా, ఇది కలర్ సినిమా కదా, టీవీ పాడైందా?" అంది. దాని వయసు పిల్లలకు మూలం ఉన్నదనే తెలియదు. ఈ సినిమాలోనే అసలు శశిరేఖను దాచి మాయా శశిరేఖను పెళ్ళిపీటల మీదకు పంపుతారు కదా. అక్కడ పెళ్ళివారికి తెలియకపోయినా ప్రేక్షకుడికి తెలుసు. ఇక్కడ ప్రేక్షకుడికే తెలియదు.

ఇది మన ఒక్కరికే వచ్చిన సమస్య కాదు. కె. ఆసిఫ్ 'మొఘల్-ఎ-ఆజం' 1960లో చాలావరకు నలుపు తెలుపుల్లో, అద్దాల మహల్ పాట వంటి కొంత భాగం రంగుల్లో వచ్చింది. నలుపు తెలుపుల నుంచి ఒక్కసారిగా రంగుల అద్దాలలోకి దూకడమే ఆనాటి ప్రేక్షకుడికి కలిగిన విభ్రమ. 2004 నవంబరులో మొత్తం రంగులద్ది విడుదల చేసినప్పుడు 197 నిమిషాల చిత్రం 177 అయింది, ఆ దూకుడూ పోయింది. మొత్తం చిత్రాన్ని రంగుల్లో తిరిగి తీయాలని ఆసిఫ్‌కే కోరిక ఉండేదని చెబుతారు, కనుక ఆ వాదానికీ బలం ఉంది. కానీ కోరుకున్న సినిమా వేరు, జనం చూసిన సినిమా వేరు.

అమెరికాలో 1980 దశకంలో పాత చిత్రాలకు రంగులద్దడం మీద పెద్ద రభస జరిగింది. 1988లో అక్కడి ప్రభుత్వం సినిమా పరిరక్షణ చట్టం చేసి, ముఖ్యమైన చిత్రాల జాబితా ఒకటి పెట్టి, జాబితాలోని చిత్రాన్ని మారిస్తే ఆ సంగతి దాని మీద రాయాలంది. ఆ సందర్భంలో పాత చిత్రాలను మార్చరాదని కాంగ్రెసు ముందు సాక్ష్యమిచ్చినవారిలో జార్జ్ లూకాస్ ఒకరు. ఆయనే 1997లో తన 'స్టార్ వార్స్'కు కొత్త హంగులు చేర్చి విడుదల చేశారు. 1977 నాటి రూపం కావాలని అభిమానులు మొత్తుకోగా, 2006లో డీవీడీ మీద అదనపు డిస్కుగా ఇచ్చారు, అదీ 1993 నాటి లేజర్ డిస్కు ప్రతి నుంచి తీసినది. ఫ్రాన్సులో మాత్రం జాన్ హ్యూస్టన్ వారసులు కోర్టుకెక్కి, ఆయన చిత్రానికి అద్దిన రంగుల విషయంలో 1991లో అత్యున్నత న్యాయస్థానంలో గెలిచారు.

మన చట్టం ప్రకారం సినిమా మీద కాపీరైటు విడుదలైన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్ళు. ఆ లెక్కన 'మాయాబజార్' చిత్రం గడువు 2017 డిసెంబరుతో తీరింది. పింగళి వారి రచన మీద హక్కు వేరే లెక్క, అది వకీళ్ళు చూసుకోవాలి. గడువు తీరడం వల్ల మంచి ప్రతి దానంతట అది రాదు. మంచి నెగెటివో, మంచి ప్రింటో మిగిలి ఉండాలి. మన మొదటి తెలుగు టాకీ, హెచ్.ఎం. రెడ్డి గారి 1932 నాటి 'భక్త ప్రహ్లాద' ప్రతి ఒక్కటీ మిగలలేదు. విడుదల తేదీ తేల్చుకోవడానికి సైతం సెన్సారు కాగితాలు వెతుక్కోవలసి వచ్చింది.

కనుక సభ్యమిత్రుల ఇళ్ళలో అటక మీద ఉన్న పాత డిస్కులను దయచేసి పాత సామాన్ల వాడికి వేయకండి. ఒకసారి పెట్టి చూడండి. నలుపు తెలుపేనా, పాల్ అయితే 177కు, లేకపోతే 184కు దగ్గరగా ఉందా, పద్యాలున్నాయా అని చూసి, ఉంటే పిల్లల చేత కంప్యూటర్లోకి ఎక్కించి ఇంకో కాపీ తీయించి ఉంచండి. డిస్కులకూ ఆయుష్షు ఉంటుంది.

ఇంకొక్క చిన్న సంగతి. ఆనాటి తెర దాదాపు చతురస్రం, ఇప్పటి టీవీ వెడల్పు. టీవీని దాని ఇష్టానికి వదిలేస్తే బొమ్మను పక్కలకు సాగదీస్తుంది (ఎస్.వి. రంగారావు గారికి ఆ అవసరం ఏమాత్రం లేదు), లేదా పైనా కిందా కలిపి దాదాపు నాలుగో వంతు కోసేస్తుంది. రిమోటులో బొమ్మ కొలత అన్న చోటికి వెళ్ళి 4:3 పెట్టండి. అటూ ఇటూ నల్లటి పట్టీలు వస్తాయి, కంగారు పడకండి. కృష్ణుడు నిలబడి ఉన్న దృశ్యంలో నెమలిపింఛం కొస తెగకుండా కనిపిస్తే సెట్టింగు సరిగ్గా ఉన్నట్టే.