అలుగు మీద పేరుంటది, పిడి మీద ఉండదు: మంగలి కత్తి చెప్పే చరిత్ర

ఇవాళ మాట్లాడుకునేది కోటల గురించి కాదు, రాజుల గురించి అంతకన్నా కాదు. గద్వాల మట్టికోట మీద, వనపర్తి ప్యాలెస్ మీద యూట్యూబ్‌లో బోలెడు వీడియోలున్నాయి. ఇవాళ్టి టాపిక్ జేబులో పట్టేంత చిన్న వస్తువు. మీ తాతకు, ముత్తాతకు గడ్డం గీసిన మంగలి కత్తి. అది కూడా మొత్తం కత్తి కాదు, దాని పిడి మాత్రమే.

పిడి మీద ఎపిసోడ్ ఏంది అన్నా అంటారా? ఒక్కసారి ఆలోచించండి. పాత మంగలి కత్తి ఫొటో ఎక్కడ చూసినా మన కన్ను ముందు అలుగు మీదికే పోతది. కంపెనీ పేరు, ఊరి పేరు చెక్కి ఉండేది కూడా అలుగు మీదనే. అలుగుని మడిచి లోపల దాచేది, చేతిలో జారకుండా నిలబెట్టేది పిడి. దాని మీద ఎవరి పేరూ ఉండదు. చరిత్ర కూడా ఇట్లనే రాస్తరు, పేరున్న వైపే చూస్తరు. మనం ఇవాళ రెండో వైపు చూద్దాం.

కొమ్ము అంటే అసలు ఏంటి?

పాత కత్తుల పిడులకు చెక్క, ఇత్తడి, ఎముక, ఏనుగు దంతం, ఇంకా చాలా వాడారు. వాటిలో చవకగా దొరికి, తడికి తట్టుకుని, చేతికి చల్లగా, మెత్తగా తగిలేది గేదె కొమ్ము.

చాలామంది కొమ్మును ఎముక అనుకుంటారు. కాదు. పశువు కొమ్ములో లోపల ఎముక ఉంటుంది, దాని మీద తొడుగులా ఉండేది కొమ్ము. ఆ తొడుగు కెరటిన్ అనే ప్రొటీన్. మన గోర్లు, మన వెంట్రుకలు కూడా అదే. అంటే వెంట్రుకను కోసే కత్తికి వెంట్రుక సరుకుతోనే పిడి చేశారన్నమాట!

జింక కొమ్ము వేరు. అది నిజంగానే ఎముక, ఏటా రాలిపోయి మళ్లీ వస్తుంది. నాగర్‌కర్నూల్ వైపు అమ్రాబాద్ అడవిలో అట్లాంటి కొమ్ము కనిపించినా ఇంటికి తెచ్చుకోకండి, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. మనం మాట్లాడేది గేదె కొమ్ము గురించే.

కెరటిన్‌కు ఒక గుణం ఉంది. బాగా వేడి చేస్తే మెత్తబడుతుంది. వంచినట్టు వంగుతుంది, అదిమి పట్టి చల్లారనిస్తే ఆ ఆకారంలోనే ఉండిపోతుంది. ప్లాస్టిక్ పుట్టకముందు మనిషికి దొరికిన ప్లాస్టిక్ అని చెప్పొచ్చు. దువ్వెనలు, గుండీలు, చెంచాలు, కత్తి పిడులు అన్నీ దీంతో చేయడానికి కారణం ఇదే.

చేత్తో పిడి ఎట్లా చేస్తారు?

ముందు కొమ్మును రోజుల తరబడి నీళ్లలో నానబెడతారు. లోపలి ఎముక వదులై ఊడి వస్తుంది. కొమ్ము కొన దగ్గర గట్టిగా, నిండుగా ఉంటుంది. మొదలు వైపు బోలుగా ఉంటుంది. బోలు భాగాన్ని రంపంతో నిలువుగా కోసి, మరిగే నీళ్లలో వేసి, తర్వాత సెగ మీద నూనె రాస్తూ వేడి చేసి విప్పుతారు. చుట్టిన చాపను పరిచినట్టు పరిచి, రెండు వేడి ఇనుప పలకల మధ్య బిగించి వదిలేస్తారు. చల్లారాక చదును పలక చేతికొస్తుంది. వేడి తక్కువైతే పగుళ్లు వస్తాయి, ఎక్కువైతే కొమ్ము మాడి పెళుసవుతుంది. అప్పుడు వచ్చే వాసన మీకు తెలుసు, వెంట్రుక కాలిన వాసన. రెండూ ఒకటే కదా మరి.

ఆ పలక నుంచి జానెడు కన్నా కొంచెం చిన్నగా రెండు సన్నని రెక్కలు కోస్తారు. పిడి అంటే ఈ రెండు రెక్కలే. ఆకురాయితో రాస్తూ రెండింటినీ ఒకే ఆకారానికి తెస్తారు. తర్వాత సన్నగా రంధ్రాలు. ఒక చివర అలుగు తిరిగే పిన్ను. ఇంకో చివర రెండు రెక్కల మధ్య ఒక చిన్న ముక్క పెడతారు, అది సీసం కావచ్చు, కొమ్మే కావచ్చు. దాన్ని ఒకవైపు మందంగా, ఇంకోవైపు పల్చగా అరగదీయాలి. కత్తి మడిచినప్పుడు అలుగు సరిగ్గా మధ్యలో కూర్చోవాలంటే ఆ ముక్క కోణం కరెక్ట్‌గా ఉండాలి. లేదంటే పదును పోయి పిడి గోడకు తగిలి పెచ్చు లేస్తుంది. మొత్తం కత్తి పదును ఆ పప్పుగింజంత ముక్క మీద ఆధారపడి ఉంటుంది. కోడింగ్ చేసేవాళ్లకు తెలుసు, ఎవరూ చూడని ఒక చిన్న ఫంక్షన్ మొత్తం యాప్‌ని మోస్తుంటుంది. ఇదీ అంతే.

పిన్నులు సన్నని ఇత్తడి తీగ ముక్కలు. చిన్న వాషర్ వేసి, చిన్న సుత్తితో తడుతూ చివరలు గుండ్రంగా పరుస్తారు. ఒక్క దెబ్బ గట్టిగా పడితే కొమ్ము చీలుతుంది, పని మొత్తం మొదటికొస్తుంది.

ఇక పాలిష్. ముందు గీకుడు కత్తితో ఆకురాయి గీతలు తీస్తారు. ఇప్పుడు చేసేవాళ్లయితే 220 నంబర్ ఎమెరీ పేపర్‌తో మొదలుపెట్టి 400, 600, 1000, 2000 వరకు తడిపి రుద్దుతూ పోతారు. పాత రోజుల్లో మెత్తటి రాతిపొడి, సుద్ద, బూడిద, గుడ్డ, చివరికి ఉత్త అరచెయ్యి. ఒక నంబర్ గీతలు పూర్తిగా పోకుండా తర్వాతి నంబర్‌కి వెళ్తే ఆఖర్లో దొరికిపోతారు. నల్ల కొమ్ము అద్దంలా మెరుస్తుంది కాబట్టి ఒక్క గీతను కూడా దాచదు. తర్వాత నూనె రాసి ఉంచాలి. ఎండితే కొమ్ము వంకర తిరుగుతుంది, పురుగులు కూడా తింటాయి.

ఒక్క కత్తి వెనక ఎన్ని చేతులు?

ఇప్పుడు మన ఊళ్లలోకి వద్దాం. గద్వాల, వనపర్తి నిజాం కింద ఉన్న సంస్థానాలు. ఇప్పటి నాగర్‌కర్నూల్ జిల్లాలోని కొల్లాపూర్ జటప్రోలు సంస్థానానికి రాజధాని. 1949లో జాగీర్ల రద్దుతో ఆ కాలం ముగిసింది. అప్పటిదాకా తెలంగాణ పల్లెల్లో క్షవరం చేసే కుటుంబానికి జీతం లేదు, రేటు బోర్డు లేదు. ఏడాదంతా పనిచేస్తే పంట కల్లానికి వచ్చినప్పుడు ఇంత ధాన్యం. దొరల గడీలో పని అయితే వెట్టి, ఆ ధాన్యం కూడా అనుమానమే.

ఆ పొది మోసిన మనిషి గడ్డం గీసి వెళ్లిపోలేదు. పుండు కోశాడు, గాయానికి కట్టు కట్టాడు. పెళ్లికి సన్నాయి, డోలు వాయించాడు. ఆ ఇంటి ఆడవాళ్లు కాన్పులు చేశారు. చెడు రక్తం తీయడానికి కొమ్ము పెట్టి పీల్చే వైద్యం కూడా ఉండేది. సుశ్రుత సంహితలో రక్తం తీసే సాధనాల్లో జలగతో పాటు కొమ్ము కూడా ఉంది. అంటే కొమ్ముకూ ఈ వృత్తికీ చుట్టరికం చాలా పాతది.

ఇప్పుడు లెక్కపెట్టండి. పల్లెలో చచ్చిన పశువును ఎత్తి, తోలు, కొమ్ము వేరు చేసింది మాదిగలు. ఇనుము సాగగొట్టింది కమ్మరి. కత్తి పట్టింది నాయీబ్రాహ్మణులు. కత్తిని సానపట్టే తోలుపట్టా మళ్లీ మాదిగల పనే. ఊరంతా శుభ్రంగా కనిపించడానికి ఈ చేతులు కావాలి, ఊరు మాత్రం ఈ చేతుల్నే దూరం పెట్టింది. ఇప్పటికీ ఆ కులం పేరును తిట్టులా వాడే కామెంట్లు మన వీడియోల కిందే వస్తాయి. అవి డిలీట్ చేసేది నేనే, కాబట్టి నాకు తెలుసు.

ఉక్కు మనది, కొమ్ము మనది, బ్రాండ్ వాళ్లది

కథ ఇక్కడి నుంచి ఇంగ్లండ్ వెళ్తుంది, కానీ ఆ దారి కూడా తెలంగాణ నుంచే. మన పాలమూరుకు ఉత్తరాన, నిజామాబాద్ వైపు కోనసముద్రం అనే ఊరుంది. అక్కడ మూసలో కరిగించి చేసిన ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. 1820ల్లో హెన్రీ వాయ్సీ అనే ఇంగ్లీష్ డాక్టర్ ఆ పని చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇట్లాంటి దక్షిణాది ఉక్కునే ఇంగ్లీషువాళ్లు 'వూట్జ్' అన్నారు. ఆ మాట మన 'ఉక్కు' నుంచే వచ్చిందని ఎక్కువమంది పండితులు చెప్తారు.

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి ఈ ఉక్కు మీద పేపర్ ఇచ్చాడు. తర్వాత జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఒక కుర్రాడు దీని రహస్యం పట్టుకోవాలని ప్రయోగాలు చేశాడు. ఆ కుర్రాడు మైకేల్ ఫారడే. అవును, కరెంటు జనరేటర్ సూత్రం కనిపెట్టిన ఫారడేనే. మీ ఫోన్ ఛార్జింగ్‌కి మూలపురుషుడు. 1820లో ఉక్కు మిశ్రమాల మీద ఇద్దరూ పేపర్ రాశారు. తన ఉక్కుతో చేయించిన గడ్డం కత్తుల్ని ఫారడే స్నేహితులకు గిఫ్ట్‌గా ఇచ్చేవాడు.

అప్పటికే షెఫీల్డ్ అనే ఊరు కత్తుల రాజధాని. అక్కడ పిడులకు ఇంగ్లండ్ పశువుల కొమ్ము సరిపోలేదు. ఇండియా నుంచి గేదె కొమ్ములు ఓడలెక్కాయి. తయారైన కత్తులు ప్రపంచమంతా తిరిగాయి, మన దేశానికీ వచ్చాయి. ముడిసరుకు పోయింది, బ్రాండ్ వచ్చింది.

అయితే ఒక మాట. షెఫీల్డ్‌లో కూడా పేరు అలుగు మీదనే. పిడి బిగించిన పనివాళ్ల పేర్లు ఎక్కడా లేవు. అలుగులు సానపట్టినవాళ్లు రాతి దుమ్ము పీల్చి ఊపిరితిత్తులు పోగొట్టుకుని చిన్న వయసులోనే చనిపోయేవారు. చెంచాలు, ఫోర్కులు పాలిష్ చేసే ఆడపిల్లల్ని బఫర్ గర్ల్స్ అనేవారు, బట్టలు పాడవకుండా ఒంటికి కాగితాలు చుట్టుకుని పనిచేసేవారు. కులం లేని చోట కూడా మెరుపు ఒకరిది, దుమ్ము ఇంకొకరిది.

కొమ్ముపని ఇంకా బతికున్న చోటు

తెలుగువాళ్లకు దగ్గరగా ఈ పని చూడాలంటే పర్లాకిమిడి వెళ్లాలి. ఇప్పుడది ఒడిశాలో గజపతి జిల్లా కేంద్రం. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు అదే. మనం ఇవాళ ఇట్లా మాట్లాడే భాషలోనే రాసుకోగలుగుతున్నామంటే ఆయన పోరాటం వల్లే. ఆ ఊర్లో కొమ్ముతో కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేసే కుటుంబాలు ఉన్నాయి. వేడి చేయడం, వంచడం, గీకడం, రుద్దడం, అన్నీ ఇందాక చెప్పిన పనులే. ఉత్తరాన యూపీలోని సంభల్ కూడా కొమ్ము, ఎముక పనికి పేరున్న ఊరు.

మరి పిడి ఎందుకు పోయింది?

మొదటి దెబ్బ సెల్యులాయిడ్. 1870ల నుంచి కొమ్ములా కనిపించే చవక సరుకు వచ్చింది. రెండోది జిల్లెట్. 1903లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు ఆ ఏడాది అమ్మింది 51 రేజర్లే, మరుసటి ఏడాది 90 వేలు దాటాయి. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా. ఇక్కడ వెనకొచ్చిన బ్లేడు కొమ్మునే పక్కకు నెట్టింది.

మన ఊళ్లలో చివరి దెబ్బ మాత్రం భయం. 1986లో చెన్నైలో మన దేశపు తొలి హెచ్‌ఐవీ కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాత ప్రతి షాపులో ఒకటే మాట, కొత్త బ్లేడు వేయి. అది సరైన మార్పే. ఒకే అలుగు పది మెడల మీద తిరగడం ప్రమాదం. పాత కత్తి పోయిందని నేను ఏడవట్లేదు.

నా బాధ వేరే. సామాను మారింది, చూపు మారలేదు. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణలో నాయీబ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు పథకం ఉంది. మంచిదే. కానీ అదే పనికి హైదరాబాద్ మాల్‌లో 'స్టైలిస్ట్' అని పిలిచి టిప్ ఇస్తాం, ఊర్లో అయితే వయసు కూడా చూడకుండా 'ఒరేయ్' అంటాం. కొమ్ము పిడికి మెరుపు ఇచ్చింది నూనె కాదు, ఒక మనిషి గంటల తరబడి పెట్టిన ఓపిక. ఆ ఓపికకు పేరు పెట్టకపోతే కనీసం మర్యాద ఇవ్వాలి.

ఒక చిన్న హోంవర్క్. మీ ఊర్లో పాత పొది దాచుకున్న పెద్దమనిషి ఎవరైనా ఉంటే, 'తాతా, ఒకసారి చూపిస్తారా' అని మర్యాదగా అడగండి. ఒప్పుకుంటే అలుగు ఫొటో ఒకటి, పిడి ఫొటో రెండు తీయండి. పిడి మీద బొటనవేలు ఆనిన చోట అరుగుడు గుంత ఉందేమో చూడండి. ఉంటే, ఆయన సంతకం అదే. ఏం కనిపించిందో కామెంట్‌లో రాయండి, ఊరి పేరుతో సహా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.