హెలికాప్టర్ నడపాలా, బాగుచేయాలా?

తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధకాలపు రన్‌వే ఉంది, విమానాలు మాత్రం దిగవు. ఏలూరు, కొల్లేరు లంకల దళిత విద్యార్థులు పైలట్ అవుతామంటే, చెరువుల మీద కూలికెళ్లే ఇళ్ల పిల్లలకు మెకానిక్ చాలదా అంటారు. మేం దాన్ని కులం మాటగానే చూస్తాం.

రెండింటికీ ఇంటర్ ఎంపీసీ సరిపోతుంది. పైలట్‌కు క్లాస్-1 మెడికల్ కూడా కావాలి. ఫీజు కట్టకముందే చేయించుకోవాలి. అసలు అడ్డు డబ్బు. ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2010 నిబంధనల్లో హెలికాప్టర్ పైలట్ లైసెన్సు మొదటి గ్రూపులోనే ఉంది. ఇప్పటి నిబంధనలు సాంఘిక సంక్షేమ కార్యాలయంలో అడగాలి, వీలైతే రాతపూర్వకంగా.

పొలం, ఇల్లు కుదువపెట్టే వీల్లేనివాళ్లకు ఇంజినీరు దారే దగ్గర. అది తక్కువ పనేం కాదు: మరమ్మతు తర్వాత లైసెన్సున్న ఇంజినీరు సంతకం పడందే హెలికాప్టర్ ఎగరకూడదు. టర్బైన్ హెలికాప్టర్లకు ఆ లైసెన్సు బి1.3. చేరేముందు సంస్థకు డీజీసీఏ సీఏఆర్-147 గుర్తింపు ఉందేమో చూడండి.