గుడ్డపైకి దిగిన గీత



1806వ సంవత్సరమున సికిందర్ జా పేర నామకరణము పొందిన మన సికింద్రాబాదులో జనరల్ బజారు బట్టల బేరమునకు పేరుపడినది. అచ్చట పట్టుచీర కొన్న గృహిణి తోడనే రవికెగుడ్డను గూర్చి ఆలోచించును. దానిని మగ్గపుపని వారికి ఒప్పగించును. నాలుగు కఱ్ఱల చట్రమునకు గుడ్డను బిగించి, జరీతోను పూసలతోను లతలు దిద్దు పనికి నేడు జనులు పెట్టుకొన్న పేరు మగ్గపుపని. ఆ సూది కదలికను చూచి మనము ముచ్చటపడుదుము. కాని సూది దిగుటకు ముందే అచ్చట వేరొక పని జరిగియుండును. దానిని ఎవరును చూడరు. ఆ చిన్నపనికి గల పెద్దచరిత్రయే నేటి నా ప్రసంగవిషయము.

పనివాడు మొదట పలుచని కాగితముపై లతను గీయును. పిదప ఆ గీత వెంబడి సూదితో సన్నని బెజ్జములు పొడుచును. కాగితమును గుడ్డపై పఱచి, కిరసనాయిలులో కలిపిన తెల్లపొడిని గుడ్డపీలికతో దానిపై రుద్దును. గుడ్డ లేతరంగుదైనచో తెలుపునకు బదులు నీలిపొడి వాడును. కాగితము ఎత్తగానే గుడ్డపై చుక్కలవరుసగా లత ప్రత్యక్షమగును. ఈ బెజ్జముల కాగితమునే ఉర్దూలో ఖాకా అందురు. జరీ కుట్టినపిదప ఆ చుక్కలు దారము క్రిందనే మఱుగుపడును.

మన అవ్వలు కుట్టిన బొంతలకు ఈ తంటా లేదు. పాతచీరలను పొరలుగా పఱచి, అంచు వెంబడి కూడకుట్టు వేసికొనిపోయిన చాలును. పొరలను కలిపియుంచుటయే అచ్చట కుట్టు చేయవలసిన పని. నేడు కుట్టుయంత్రముపై బొంతలు కుట్టువారిలో కొందఱు, గుడ్డను ముందునకు లాగు యంత్రపు పండ్లను దించివేసి, రెండుచేతులతో గుడ్డను ఇచ్చవచ్చినట్లు త్రిప్పుచు పువ్వులను తీగెలను కుట్టుదురు. యంత్రము దారి చూపుట మానినది గనుక, దారి గుడ్డమీదనే ఉండవలెను. అందుచేత వారికిని గీతను దించుకొనుట అవసరమైనది.

ఈ విద్య నిన్నటిది కాదు. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్నము ఆ రాజ్యమునకు ముఖ్యమైన రేవు. 1611లో ఆంగ్లేయుల ఓడ అచ్చటికి వచ్చినది. వారు కోరివచ్చిన సరకులలో కలంకారీ గుడ్డలు ముఖ్యములు. పడకపై పఱచుకొనుటకు, గోడలకు వ్రేలగట్టుటకు, నడుమ దూది పెట్టి బొంతలుగా కుట్టుకొనుటకు ఆ గుడ్డలను ఐరోపావారు కొనిరి. అప్పుడు గుడ్డపై ఏ గీత ఉండవలెనను ప్రశ్న పుట్టినది. 1643లో లండనులోని కంపెనీ అధికారులు పడమటితీరపు సూరతునకు వ్రాసిన లేఖయొకటి ఈ సంగతిని తెలుపుచున్నది. మీరు పంపిన బొంతల ఎఱ్ఱనేల ఇచ్చట అంతగా రుచించుటలేదు, నేల తెల్లగా ఉండవలెను, నడుమ పువ్వులు కొమ్మలు మాత్రము చిత్రకారుని ఇష్టము అనునదియే దాని సారాంశము. కొన్నియేండ్లు గడచునప్పటికి ఆ ఇష్టమునకును చోటు తగ్గినది. గీయవలసిన నమూనాలే ఓడలలో రాసాగినవి.

ఆ నమూనాను గుడ్డపైకి ఎట్లు దించిరి? కేర్దూ అను ఫ్రెంచి పాదిరి 1742లో కోరమండలతీరమునుండి వ్రాసిన లేఖలో దీనికి సమాధానము కలదు. ఈతడు తెలుగు నేర్చి నిఘంటువు కూర్చినవాడు. సంస్కృతమునకు గ్రీకు లాటిను భాషలతో గల చుట్టఱికమును 1767లో ఫ్రాన్సులోని పండితులకు తెలిపినవాడు. తన మతమున చేరిన చిత్రకారులనడిగి అతడు తెలిసికొన్న క్రమమిది. గుడ్డను కరక్కాయపొడి కలిపిన గేదెపాలలో నానబెట్టి, ఎండబెట్టి, నునుపెక్కునట్లు కఱ్ఱలతో మోదుదురు. పాలలోని జిడ్డువలన రంగు చెదరదు. కాగితముపై గీసిన బొమ్మ గీతలను సూదితో పొడిచి, దానిని గుడ్డపై పఱచి, బొగ్గుపొడి మూటతో అద్దుదురు. పొడి బెజ్జములలోనుండి దిగి చుక్కలగును. ఆ చుక్కలవెంట కలము నడచును. ఇనుము కలిసిన రసము కరక్కాయతో చేరి నల్లనగును. పటిక తాకినచోట చిరివేరు ఎఱ్ఱనగును.

సికింద్రాబాదులో నేడు రవికెగుడ్డపై జరుగు పనికిని దీనికిని పొడిలో మాత్రమే భేదము!

కాని ఆ లేఖ ఊరక వ్రాసినది కాదు. ఈ విద్య ఐరోపాకు ఉపయోగపడవలెననియే పాదిరి కోరిక. మన గుడ్డల ధాటికి తాళలేక ఫ్రాన్సు 1686లోను, ఇంగ్లండు 1700లోను వానిని నిషేధించినవి. ఫ్రాన్సులో 1759వఱకు ఆ నిషేధము సాగినది. ఈలోపల వారు మన రహస్యములను నేర్చికొనిరి. 1783లో థామస్ బెల్ అనునతడు రాగిరోలరుతో గుడ్డపై అచ్చువేయు యంత్రమునకు హక్కు పొందెను. పిమ్మట మరగుడ్డలు మన సంతలకే వచ్చి అమ్ముడుపోయినవి. ఇచ్చటి చిత్రకారులు నోటితో చెప్పిన విద్య సముద్రము దాటి, వారి కూటికే ఎసరు తెచ్చినది. ఆ విద్యను వివరించిన లేఖకు కేర్దూ పేరు నిలిచినది. చెప్పినవారి పేర్లను లోకము మఱచినది.

అయినను ఆ విద్య అంతరింపలేదు. శ్రీకాళహస్తిలో నేటికిని చింతపుల్లల బొగ్గుతో గుడ్డపై నేరుగా బొమ్మ గీసి, పిదప కలము పట్టుదురు. మచిలీపట్నము, పెడన ప్రాంతములవారు చెక్కిన కొయ్యఅచ్చులతో గీతను అద్దుదురు. ఒకటి చేతివ్రాత, మఱియొకటి అచ్చు. బెజ్జముల కాగితము ఈ రెంటికిని నడుమ నిలిచినది. శ్రీకాళహస్తి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిని 2008లో పద్మశ్రీతో ప్రభుత్వము సత్కరించినది.

దించుకొన్న బొమ్మకు విలువయేమున్నదని కొందఱందురు. నాకు ఆ మాట సరిగా తోచదు. కాగితము చుక్కలను మాత్రమే ఇచ్చును. రెండు చుక్కల నడుమ వంపు ఎంత మెత్తగా తిరుగవలెనో, రేఖ ఎచ్చట సన్నగిల్లవలెనో నిర్ణయించునది చేయియే. అది కలమైనను, సూదియైనను, యంత్రము క్రింద త్రిప్పు గుడ్డయైనను ఒకటే. కళకు హాని గీతను దించుటవలన కలుగలేదు. గీసినవానికి దక్కవలసిన పేరును, కూలిని మఱచుటవలన కలిగినది.

కావున ఈసారి మగ్గపుపనివాని యొద్ద రవికె తీసికొనునప్పుడు, ఈ లత ఎవరు గీసిరని ఒక్కమాట అడుగుడు. ఆ కాగితము కొన్నాళ్లకు చిరిగి చెత్తలో కలియును. దానిని గీసినవాని పేరైనను మనకు తెలిసియుండుట మంచిది.