నైజాం రాజ్యంలో హైస్కూలు చదువు

ఏ తరహా హైస్కూల్లో చదివాడనేదాన్ని బట్టి మనిషి పైచదువూ, ఉద్యోగమూ తేలిపోవడం కొత్త సంగతి కాదు. నైజాం రాజ్యంలో ఇది మరీ నగ్నంగా కనిపిస్తుంది.

అక్కడి ప్రజల్లో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. బోధన మాత్రం చాలా సర్కారు హైస్కూళ్లలో ఉర్దూలో. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం వైద్యంతో సహా ఆధునిక శాస్త్రాలను ఉర్దూలో బోధించింది. అది సామాన్యమైన పని కాదు, ఆ ఘనతను కాదనలేం. కాని ఆ దేశభాష ఎవరి భాష? నల్లగొండ రైతుబిడ్డకు ఇంగ్లీషు ఎంత దూరమో ఉర్దూ కూడా ఇంచుమించు అంత దూరమే. ఆ దూరం దాటింది చాలావరకు దేశ్‌ముఖుల, పట్వారీల, వకీళ్ల పిల్లలు. పట్నంలో బస ఏర్పరచి చదివించగల ఇళ్లవాళ్లు. కచేరీ నౌకరీ వాళ్లకే దక్కింది. జాగీర్దార్ల పిల్లలకు ఈ బెడద లేకుండా బేగంపేటలో 1923లో వేరే జాగీర్దార్ కాలేజీయే వెలిసింది.

పోనీ, తెలుగులో చదివితే? 1928లో మాడపాటి హనుమంతరావుగారు ప్రభృతులు స్థాపించిన ఆంధ్ర బాలికోన్నత పాఠశాల చరిత్రే దీనికి జవాబు. బోధన తెలుగులో గనుక దానికి ఉస్మానియా గుర్తింపు దొరకలేదు. హైదరాబాదు నడిబొడ్డున చదివిన ఆడపిల్లలు, ధోండో కేశవ్ కార్వే 1916లో మహారాష్ట్రలో నెలకొల్పిన మహిళా విశ్వవిద్యాలయం పరీక్షకు కూర్చోవలసి వచ్చింది. సొంత ఊళ్లో సొంత భాషలో చదివినందుకు పరాయి రాష్ట్రపు పట్టా!

1948 సెప్టెంబరులో నైజాం పాలన కూలింది. కచేరీల్లో ఉర్దూ వెనక్కి పోయింది, ఉస్మానియాలోకి ఇంగ్లీషు వచ్చింది. ప్రజలమీద రుద్దిన భాష తొలగడం న్యాయమే. అయితే ఆ భాషలోనే ఏళ్ల తరబడి కష్టపడి నెగ్గుకొచ్చిన కుర్రవాడి గతేమిటి? నిన్నటిదాకా నిచ్చెన అయిన సర్టిఫికెట్టు రాత్రికి రాత్రి మెడలో గుదిబండ అయింది. మద్రాసు రాష్ట్రంలో ఇంగ్లీషు చదువుకున్న కోస్తా ఉద్యోగార్థులు ఆ ఖాళీల్లోకి వచ్చారు. 1952 ముల్కీ ఆందోళనలో హైదరాబాదు వీధుల్లో పోలీసు కాల్పులకు విద్యార్థులు బలయ్యారు. దాన్ని వట్టి ప్రాంతీయ ద్వేషంగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. కోస్తా యువకుడు ఎక్కువ తెలివైనవాడూ కాదు, తెలంగాణ యువకుడు మందమతీ కాదు. ఇద్దరినీ రెండు ప్రభుత్వాలు రెండు రకాల బడుల్లో కూర్చోబెట్టాయి, అంతే.

ఈ తారుమారులో చెక్కుచెదరని బడి మటుకు ఒకటుంది. 1949లో జాగీర్లు రద్దయ్యాక జాగీర్దార్ కాలేజీయే హైదరాబాద్ పబ్లిక్ స్కూలుగా మారింది. జాగీర్దారు కొడుకు కూర్చున్న బల్లమీద ఇప్పుడు అధికారి కొడుకు కూర్చున్నాడు. 2014లో మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన సత్య నాదెళ్ల, ఒక ఐ.ఏ.ఎస్. అధికారి కుమారుడు, అక్కడ చదివినవాడే.