ఇంగ్లీషు పదాభ్యాసం (తొండియార్‌పేట తెలుగువారు)

రోజువారీ మాటలు దాటి ఇంగ్లీషులోని కఠిన పదాలను అర్థంతో, వాడుకతో సహా వంటబట్టించుకోవడమే పదాభ్యాసం. బ్యాంకు, ఎస్‌ఎస్‌సీ పరీక్షలు రాసేవారికీ, జీఆర్‌ఈకి కూర్చునేవారికీ ఇది తప్పని పని. ఉత్తర చెన్నైలోని తొండియార్‌పేటలో తెలుగు ఇళ్ల పిల్లలకు ఇందులో ఇంకో మెలిక ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పరీక్షలో ఇంగ్లీషు.

మాటల కథలను ఎంతవరకు నమ్మాలో ఈ పేట పేరే చెబుతుంది. రామనాథపురం వైపు తొండి నుంచి వచ్చిన సూఫీ కవి కుణంగుడి మస్తాన్ సాహిబును జనం ‘తొండియార్’ అనేవారనీ, ఆయన వల్లే ఈ పేరు వచ్చిందనీ ఇక్కడ చెప్పుకుంటారు. ఆయన పుట్టింది 18వ శతాబ్ది చివర. ఎగ్మూరు, పురసవాక్కంతో పాటు తొండియార్‌పేట ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది 1693లో. కథ బాగుంది గానీ లెక్క కుదరదు.

తెలుగు, ఇంగ్లీషులను కలిపే నిఘంటువులకు పుట్టిల్లు మద్రాసు. ఎ.డి. కాంబెల్ నిఘంటువు 1821లో, సి.పి. బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు 1852లో ఇక్కడే అచ్చయ్యాయి. దొరలు తెలుగు నేర్చుకోవడానికి పుట్టిన ఆ పుస్తకాలను తెలుగువాళ్లు ఇంగ్లీషు నేర్చుకోవడానికి తిరగేశారు. బ్రౌన్ తన ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులో మాటకు మాట పెట్టి వదిలేయలేదు. ఆ మాట వాక్యంలో ఎలా నడుస్తుందో వాడుక తెలుగులో చూపించాడు. ఆ తర్వాత వచ్చిన చాలా చవక నిఘంటువుల్లో లేనిది అదే. ఈ నగరానికి మూడు భాషల మధ్య బతకడం కొత్త కాదు. 1917లో జస్టిస్ పార్టీ తన మాట జనానికి చేర్చడానికి ఇంగ్లీషులో ‘జస్టిస్’, తమిళంలో ‘ద్రవిడన్’, తెలుగులో ‘ఆంధ్రప్రకాశిక’ నడిపింది.  

బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తమిళనాడు చట్టం తెచ్చింది. ఒకటో తరగతితో మొదలై ఏటా ఒక్కో తరగతి పైకెక్కి, 2015–16 నాటికి పదో తరగతిని చేరింది. దాంతో తెలుగు మాట్లాడగలిగీ తెలుగు చదవలేని పిల్లలు పెరిగారు. వాళ్లకు అందేది ఇంగ్లీషు–తమిళ నిఘంటువు. చిక్కు అక్కడే. ‘అర్జెంట్’కు ఎదురుగా ‘అవసరం’ అని కనబడుతుంది. తమిళంలో దానికి తొందర అని అర్థం, తెలుగులో కావలసినది అని. ‘ఆత్తిరం’ తమిళంలో పట్టరాని కోపం, మన ఆత్రంలో కోపం జాడే లేదు. ‘అనుమానం’ తమిళంలో ఆధారాలను బట్టి చేసే ఊహ, అంటే ‘ఇన్ఫరెన్స్’. మనకేమో అది శంక. తెలియని మాట దగ్గర ఆగుతాం, తెలిసినట్టున్న మాట దగ్గర ఆగం. అందుకే ఈ తప్పులు మొండివి.

తెలుగు అర్థాన్ని తమిళ లిపిలో రాసుకుంటే మరో తంటా. ఆ లిపిలో ప, ఫ, బ, భలకు ఒకటే అక్షరం. ‘స్ట్రెంగ్త్’ పక్కన బలం, ‘అవుట్‌కమ్’ పక్కన ఫలం రాసి నెల తర్వాత చూస్తే రెండు చోట్లా ‘పలం’ ఉంటుంది.

ధాతువు పట్టుకునే పద్ధతి మాత్రం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆహారం, విహారం, సంహారం, ఉపహారం, పరిహారం ఒకే ధాతువు బిడ్డలని తెలిసినవారికి ఇన్‌స్పెక్ట్, రెస్పెక్ట్, సస్పెక్ట్, ప్రాస్పెక్ట్ అన్నీ ‘చూడటం’ అనే లాటిన్ ధాతువువేనంటే చటుక్కున అందుతుంది. అయితే ధాతువు దారి చూపుతుందే తప్ప ఇల్లు చూపించదు. ‘మెటిక్యులస్’ లాటిన్‌లో భయానికి సంబంధించిన మాట, నేటి ఇంగ్లీషులో అతి జాగ్రత్త. వాక్యంలో చూడకుండా ఇది తెలిసే వీలు లేదు.

ఎన్ని మాటలు కావాలి? ఢాకాలో పనిచేసిన ఇంగ్లీషు బోధనా నిపుణుడు మైకేల్ వెస్ట్ 1953లో ప్రాథమికంగా సుమారు 2,000 మాటల జాబితా ఇచ్చాడు. పత్రికలు, నవలలు సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పదకుటుంబాలు (ఒక మాట, దాని రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని భాషా పరిశోధకుడు పాల్ నేషన్ 2006లో లెక్కగట్టాడు. రోజుకు యాభై మాటలు బట్టీ వేయించే జాబితాలతో అంత దూరం పోలేం. పది మాటలు రాసుకుని మర్నాడు, వారానికి, నెలకు అర్థం మూసి గుర్తుచేసుకోవడం మేలు.

తెలుగు, ఇంగ్లీషుల మధ్య మాటల ఇచ్చిపుచ్చుకోవడం రెండు వైపులా సాగింది. మన పందికొక్కు ఇంగ్లీషులోకి వెళ్లి ‘బాండికూట్’ అయింది, తర్వాత ఆస్ట్రేలియాలో వేరే జంతువుకు పేరుగా స్థిరపడింది.

బ్రౌన్, శంకరనారాయణల ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ‘ఆంధ్రభారతి’ వెబ్‌సైటులో ఫోనులోనే ఉచితంగా వెతుక్కోవచ్చు. అర్థాలు తెలుగు లిపిలో ఉంటాయి కాబట్టి, తొండియార్‌పేట పిల్లలు ఇంగ్లీషు మాటల జాబితా కొనేముందు తెలుగు అక్షరాలు దిద్దుకోవాలి.